ఆసు లెక్క

మా ఆఫీసులో ఏడాదికోసారి ఎవరో ఒకరొచ్చి ఉద్యోగాన్నీ ఇంటినీ ఎలా సమం చేసుకోవాలో క్లాసు పీకుతారు. తెర మీద త్రాసు బొమ్మ తప్పదు. ఒక పళ్లెంలో లాప్‌టాప్, ఇంకో పళ్లెంలో ఇల్లు. పోచంపల్లిలోని మా ఇల్లు ఆ బొమ్మలో ఎక్కడా పట్టదు. ముందుగదిలో గుంట మగ్గం, దాని పక్కనే మా చాపలు. పనికి వెళ్లడం, పని నుంచి రావడం మాకు తెలియవు.

నాయిన పొద్దంతా కళ్ల ముందే ఉండేవాడు. మగ్గం చప్పుడులోనే నిద్రపోయేవాణ్ణి, చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది. అందుకే 2020లో లాక్‌డౌన్‌తో నా ఉద్యోగం ఇంటికొచ్చినప్పుడు లోలోపల సంబరపడ్డాను, మా పాత ఇల్లు తిరిగొచ్చినట్టు.

ఆ సంబరంలో అమ్మ లేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చిటికి కట్టి రంగులద్దే ముందు పట్టుపోగును ఆసు పోయాలి. ఇటు ఒక మేకు, అటు అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. పోగు పట్టుకున్న చెయ్యి వాటి మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు. అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చి ఆసు పోసేది, అది పొంగితే లేచేది, మళ్లీ కూర్చునేది. రాత్రి భుజానికి జండూబామ్ రాయడం నా వంతు. శనివారం సావుకారి కూలి లెక్కగట్టేది చీరకే. చీర నాయిన పేరు మీద ఉండేది. అమ్మ భుజం ఏ చిట్టాలోనూ లేదు. ఇల్లూ పనీ ఒకటైన చోట ఎవరి పని ఇంటిపనిలో కలిసి మాయమైపోతుందో ఆ త్రాసు బొమ్మ గీసినవాళ్లకు తెలుసా? సరే, నాకు మాత్రం ఏం తెలుసు.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఈ నొప్పి చూడలేకే ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నేనూ ఆ నొప్పినే చూశాను, బామ్ రాసి ఊరుకున్నాను.

ఆసు పోసేటప్పుడు అమ్మ లోపల్లోపల లెక్కపెట్టుకునేది. ఒక్క పోగు తప్పినా డిజైన్ చెదిరిపోతుంది. నేను ఏదైనా అడగబోతే జవాబివ్వకుండా ఆ అంకెనే కాస్త గట్టిగా పలికేది. ఆగమని అర్థం. ఆకలేసినా ఆగేవాణ్ణి.

మొన్న మీటింగులో ఉండగా మా అమ్మాయి గది గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. చేతిలో డ్రాయింగ్ పుస్తకం. నేను తల తిప్పాను. లోపలికి రాలేదు, నోరు తెరవలేదు. నా చెవులకున్న హెడ్‌ఫోన్‌ వైపు వేలు చూపించి, పెదాలు మాత్రమే కదుపుతూ అడిగింది:

"నాన్నా, మ్యూట్‌లో ఉన్నావా?"