రాజు రహస్యము, యోనాతాను మనస్సాక్షి

పఠన భాగము: 1 సమూయేలు 19:1–7, 20:1–42



మన సంఘములో ప్రభుత్వోద్యోగులు అనేకులున్నారు. బయట చెప్పకూడని కాగితములు వారి చేతులలోనుండి పోవుచుండును. గుట్టు బయటపెట్టువాడు కొండెగాడనియు, దాచువాడు నమ్మకస్థుడనియు సామెతలు 11:13 నేర్పుచున్నది. ఇది సత్యము. అయితే దాచబడినదే అన్యాయమైనయెడల విశ్వాసి యేమి చేయవలెను?

యోనాతానును చూడుడి. రాజుయొక్క ఆలోచనలన్నియు అతని చెవిని పడుచుండెను. దావీదును చంపుటకు తండ్రి ఆలోచించినప్పుడు అతడు దావీదును హెచ్చరించెను; అంతటితో ఊరకుండక తండ్రియొద్దకే పోయి నిరపరాధి పక్షమున మాటలాడెను. రెండవమారు మాటలాడినప్పుడు తండ్రి ఈటె అతనిమీదికే వచ్చెను. అప్పుడు పొలములో బాణములచేత దావీదుకు గురుతు తెలిపెను. బాణములు ఏరిన పిల్లవానికి సంగతియే తెలియదు. యోనాతాను ఫిలిష్తీయులకు ఏమియు చెప్పలేదు, పక్షము మార్చలేదు. కడకు గిల్బోవ పర్వతముమీద తండ్రితోకూడ మరణించెను.

మన కాలమునకు సమీపమైన ఒక సంగతిని ఈ వెలుగులో చూతము. వియత్నాము యుద్ధమునకు దారితీసిన నిర్ణయములను గూర్చి అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా 1967లో ఒక రహస్య చరిత్రను వ్రాయించెను. అది 47 సంపుటములు, సుమారు 7,000 పుటలు. దానిలో పనిచేసిన డేనియల్ ఎల్స్‌బర్గ్, ప్రభుత్వము ప్రజలకు చెప్పినది ఒకటి, లోపల ఎరిగినది వేరొకటి అని కనుగొనెను. 1969 ఆగస్టులో ఒక సభయందు, యుద్ధమునకు పోనొల్లక చెరసాలకు సిద్ధపడిన యౌవనుని మాటలు విని ఆయన ఏడ్చెను. ఆ అక్టోబరు మొదలుకొని రాత్రులయందు ఆ కాగితములకు నకళ్లు తీసెను. మొదట సెనేటరు ఫుల్‌బ్రైట్‌కు ఇచ్చెను గాని అవి వెలుగు చూడలేదు. 1971 జూన్ 13న న్యూయార్క్ టైమ్స్ పత్రిక వాటిని ప్రకటింప మొదలుపెట్టెను. సంధి ప్రయత్నములకు హాని కలుగకుండునట్లు, వాటికి సంబంధించిన నాలుగు సంపుటములను ఆయన పత్రికకు ఇయ్యలేదు. జూన్ 28న తానే వచ్చి అధికారులకు లోబడెను.

రెండు దినములకు సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురి తీర్పుతో పత్రికలు ప్రచురింపవచ్చునని చెప్పెను. ఎల్స్‌బర్గ్‌మీది నేరములకు మాత్రము 115 సంవత్సరములవరకు చెర పడియుండవచ్చును. అయితే ప్రభుత్వపు మనుష్యులే ఆయన వైద్యుని కార్యాలయములో దొంగతనముగా చొరబడిన సంగతి మొదలైన అక్రమములు బయలుపడినందున, 1973 మే 11న న్యాయాధిపతి అభియోగమును కొట్టివేసెను. ఆయన చేసినది తగునా తగదా అని ఏ న్యాయస్థానమును తీర్చలేదు. 2023లో ఆయన మరణించెను.

ఒక్క విషయములో నా మనస్సు ఒప్పుకొనదు. నకళ్లు తీయుటలో పదమూడేండ్ల కుమారుని సహాయము ఆయన తీసికొనెను. యోనాతాను ఆ భారమును పిల్లవానిమీద మోపలేదు.

కాబట్టి, ప్రియులారా, పెదవి విప్పకముందు మూడు ప్రశ్నలు వేసికొందము. ఈ గుట్టు ప్రాణములను కాపాడుచున్నదా, అబద్ధమును కాపాడుచున్నదా? చెప్పవలసిన పెద్దలకు ముందుగా చెప్పితినా? దీని వెల నేను చెల్లింతునా, ఇతరులచేత చెల్లింపజేతునా? టెండరు ధరను లంచమునకు అమ్మువాడును, పగతీర్చుకొనుటకు ఫైలు చూపించువాడును, టీ కొట్టులో గొప్పకు చెప్పుకొనువాడును ఈ ప్రశ్నలయెదుట నిలువలేరు. తన అంతస్తుకు భయపడి, అన్యాయమును ఎరిగియు సంతకము చేసి ఊరకుండువాడును నిలువలేడు. అతడు రహస్యమును కాపాడలేదు, తన్ను తాను కాపాడుకొనెను.

మన దేశములో 1923 నాటి అధికార రహస్యముల చట్టమున్నది; 2005 నాటి సమాచార హక్కు చట్టమును ఉన్నది. చట్టము తెరచిన ద్వారమున్నంతవరకు గోడ దూకవద్దు. ద్వారములన్నియు మూయబడి నిరపరాధి ప్రాణము పోవుచున్నప్పుడు, ఈటెకు ఎదురు నిలుచు ధైర్యమును యోనాతాను దేవుడే అనుగ్రహించును.

ప్రభువా, మా నోటికి కావలియుంచుము. నోరు తెరువవలసిన గడియలో మమ్మును మూగవారిగా ఉండనియ్యకుము. ఆమేన్.