అడగని మౌనం

'ఖామోషీ నీమ్ రజా' అంటారు ఉర్దూలో. 'మౌనం అర్ధాంగీకారం' అంటారు తెలుగులో. రెండు భాషల్లో బతికేవాళ్లం కనుక రెండూ మా సామెతలే. అయినా నికాహ్ రోజు పెళ్లికూతురు ఊరికే కూర్చుంది కదా అని ఎవరూ సరిపెట్టుకోరు. వకీలు, ఇద్దరు సాక్షులు ఆమె దగ్గరికి వెళ్లి అడుగుతారు. అడిగాకే మౌనానికైనా మాటకైనా అర్థం. అసలు అడగని చోట మౌనాన్ని అంగీకారం అనొచ్చా?

సర్కారు చేసే నియమాల్ని చూసినప్పుడల్లా మాకు ఈ ప్రశ్నే వస్తుంది.

చట్టసభ చట్టం చేస్తుంది. అమలుకు కావాల్సిన నియమాలు రాసుకొమ్మని సర్కారుకు వదిలేస్తుంది. ఇది తప్పని మేం అనం. దరఖాస్తు ఫారం ఎట్లా ఉండాలి, రుసుం ఎంత, గడువు ఎన్నాళ్లు - ఇవన్నీ సభలో కూర్చుని రాయలేరు. కానీ ఫారాల చాటున మనుషుల తలరాతలు మారిపోతుంటే?

1955 పౌరసత్వ చట్టం కింద కేంద్రం 2003లో నియమాలు చేసింది. ఎవరి పౌరసత్వం అనుమానాస్పదమో వాళ్ల వివరాల పక్కన స్థానిక రిజిస్ట్రారు ఆ సంగతి రాయాలని వాటిలో ఉంది. పౌరుల నమోదు గురించి చెప్పే 14-ఏ సెక్షన్‌లో ఈ 'అనుమానం' మాటే లేదు. దేన్ని చూసి అనుమానించాలో నియమాలూ చెప్పవు. విచారణ ఉంది, అప్పీలు ఉంది, నిజమే. అక్కడికి కాగితాలు పట్టుకుని తిరగాల్సింది మాత్రం మేమే. రేషన్ కార్డులో ఖాజా, ఓటర్ల జాబితాలో కాజా, బడి రిజిస్టరులో ఖ్వాజా - ముగ్గురూ ఒక్కడేనని ఎవరికి రుజువు చేయాలి? పేర్లు రాసింది మేమా?

ఇది మా ఒక్కరి బాధ కాదు. అదే నియమావళిలో అస్సాం కోసం చేర్చిన ప్రత్యేక నియమం కింద తయారైన జాబితా 2019 ఆగస్టులో 19 లక్షల మందికి పైగా బయట నిలబెట్టింది. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. పుట్టిన తేదీ కాగితం లేని దళితుడూ, పుట్టింటి పేరు మారిన ఆడమనిషీ, వలస కూలీ రేపు ఇదే వరసలో నిలబడతారు.

మరి పార్లమెంటు చూడదా? నియమాల్ని 30 రోజులు ఉభయసభల ముందు ఉంచాలని చట్టమే చెబుతుంది. రెండు సభలూ ఒప్పుకుంటే మార్చొచ్చు, రద్దు చేయొచ్చు. ఎవరూ నోరెత్తకపోతే నియమం నిలుస్తుంది. రద్దయినా, అప్పటిదాకా దానికింద జరిగింది చెల్లుతుంది. లోక్‌సభలో నియమాల్ని పరిశీలించడానికి 1953 నుంచి ఒక కమిటీ ఉంది. అది సిఫారసు చేయగలదు, రద్దు చేయలేదు.

2003 నియమాల గురించి వీధుల్లో జనం మాట్లాడేసరికి 2019 వచ్చింది. తెలంగాణ శాసనసభ తీర్మానం చేసేసరికి 2020 మార్చి. ముప్పై రోజులు ఎప్పుడో గడిచిపోయాయి. మధ్యలోని పదహారేళ్ల మౌనం ఎవరి అంగీకారం?

పౌరసత్వాన్ని, తిండిని, నీడను తాకే ఏ నియమమైనా సభల్లో చర్చించి ఓటు వేశాకే అమల్లోకి రావాలి. అంతకుముందే ముసాయిదాను జనం చదివే భాషల్లో, తెలుగులోనూ ఉర్దూలోనూ, జనం ముందు పెట్టాలి. పని ఆలస్యమవుతుందంటారు. కానివ్వండి. ఒక మనిషిని ఈ దేశం వాడా కాదా అని తేల్చే పనికి తొందరేమిటి?

సభ బల్ల మీద కాగితం పెట్టినంత మాత్రాన మమ్మల్ని అడిగినట్టు కాదు. అడగనివాళ్లు మా మౌనాన్ని మా సంతకంగా చూపిస్తే మేం ఒప్పుకోం.