తరుగు

తరుగు అనగానే మనకు బంగారం కొట్టే గుర్తొస్తుంది. సికింద్రాబాదు జనరల్ బజారులో తరుగు దగ్గర గంటసేపు బేరమాడిన దాన్నే నేనూ. కానీ ఆ మాట నేను మొదట విన్నది వడ్ల విషయంలో.

మా నాన్న సిద్దిపేట వైపు అడ్తి దుకాణం నడిపేవారు. 1965లోనే ఫుడ్ కార్పొరేషన్ పుట్టినా, మా చిన్నతనంలో సర్కారు ఎక్కువగా మిల్లుల దగ్గరే బియ్యం లెవీగా తీసుకునేది. రైతుకు దిక్కు అడ్తి గడపే. నాన్న తేమకింత, తాలుకింత తరుగు తీసి, అప్పూ వడ్డీ కమిషనూ పట్టుకుని, మిగిలింది తక్‌పట్టీ మీద రాసిచ్చేవారు. నా చదువూ, పెళ్లీ, ఈ చేతి గాజులూ ఆ చీటీల్లోంచి వచ్చినవే. మా వారు పేపరు చదువుతూ "ఈ దళారులున్నారే..." అని మొదలుపెడితే, చారు తెచ్చే నెపంతో లేచిపోతాను.

చిత్రం చూడండి, ఆ ఇంటి కోడలే, మా వదిన, ఇప్పుడు మహిళా సంఘం తరఫున కొనుగోలు కేంద్రం చూస్తోంది. 2025-26కు సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. తేమ 17 శాతం దాటకూడదు. సంఘానికీ కమిషన్ ఉంది. మరి ఆమెను ఎవరూ దళారి అనరేం? అడిగేశాను.

"మామ దగ్గర బాకీ ఉన్నోడు ఇంకో దుకాణం మెట్లెక్కిండా వదినా? నా కాంటా నచ్చకుంటే నాలుగు మాటలని మిల్లుకు పోతడు."

నిజమే. కానీ ఒక అర్ధరాత్రి ఒక రైతు భార్యకు కాన్పు కష్టమైతే, నాన్న కాగితమూ సాక్షీ లేకుండా డబ్బిచ్చి, జీపు మాట్లాడి, అప్పట్లో స్టేషను దగ్గరుండే గాంధీ ఆసుపత్రికి పంపారు. తల్లీబిడ్డా బతికారు. ఆ పంటా, తర్వాతి పంటా మా దుకాణానికే వచ్చాయి, నాన్న చెప్పిన ధరకే. ఆ రాత్రి ఆయన చేసింది సాయమా, కొనుగోలా? ఈ ప్రశ్న వింటే నొచ్చుకునేవారు పాపం.

సర్కారు కాంటా అర్ధరాత్రి తలుపు తీయదు కదా అన్నాను. వదిన సంఘం అప్పుల పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. "ఇండ్ల వడ్లు ఎవరికి అమ్మాల్నో రాసి ఉందా, చూడు." లేదు. అయినా వాన కొట్టి రాశులు తడిస్తే, ఎదురుచూసి ఎదురుచూసి వచ్చిన ధరకే వ్యాపారికి తోలేవాళ్లున్నారని తనే ఒప్పుకుంది.

అమ్మాయి పెళ్లికి నా గాజులు కరిగించి కొత్తవి చేయిద్దామంటున్నారు మా వారు. కొట్టతను తరుగెంతో కూడా చెప్పాడు. నేనింకా చేతి నుంచి తీయలేదు.