గాయము మానెను గాని తడి మానలేదు

చదువవలసిన భాగములు: మార్కు 5:25–34, 2 కొరింథీయులకు 12:7–9



పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ ప్రభువు వస్త్రమును ముట్టి వెంటనే బాగుపడెనని చదివి మనము సంతోషించుచున్నాము. అయితే వైద్యము జరిగినను పూర్తిగా బాగుపడని స్త్రీని గూర్చి మనమేమి చెప్పుదుము?

కాన్పు కష్టమై దినముల తరబడి సాగినప్పుడు శిశువు తల మూత్రాశయమును తల్లి కటి ఎముకకు అదిమిపెట్టును. రక్తము అందక అచ్చటి కండ చచ్చి రంధ్రము పడును. పలుమారు బిడ్డయు దక్కదు. నాటినుండి రాత్రింబగళ్లు మూత్రము కారుచునే యుండును. దీనిని ఫిస్టులా అందురు. 1959లో ఇథియోపియాకు వెళ్లిన రెజినాల్డ్, కేథరిన్ హామ్లిన్ అను వైద్య దంపతులు ఇట్టి స్త్రీల కొరకే 1974లో అడిస్ అబాబాలో ఆసుపత్రి స్థాపించిరి. వేలమంది అచ్చట బాగుపడిరి. కొందరికి మాత్రము రంధ్రము పూడినను మూత్రము నిలువలేదు. ఏలయనగా దానిని బిగబట్టు కండరము కూడ కాన్పులోనే చెడిపోయెను, లేక మూత్రాశయము కుంచించుకు పోయెను. ఇది పాపఫలము కాదు, అవిశ్వాసమును కాదు. బాగుకానివారిని ఆ ఆసుపత్రివారు విడిచిపెట్టలేదు. వారు నివసించుటకు ‘దెస్తా మెందర్’ అను ఊరు కట్టిరి. సంతోష గ్రామమని దాని అర్థము.

పౌలు ముమ్మారు వేడుకొనినను అతని ముల్లు తీయబడలేదు. అయినను దేవుని కృప అతనిని విడువలేదు. అతడు విశ్వాసము లేనివాడని ఎవరనగలరు?

మన గ్రామములలోను కాన్పు తరువాత మూత్రము ఆపుకొనలేని తల్లులు కలరు. చాప తడియునని, వాసన వచ్చునని భయపడి ఆరాధనకు రారు. అట్టి సహోదరిని డాక్టరమ్మ యొద్దకు మరల తీసికొని పోవుదము. కటి కండరములను బిగించు అభ్యాసము వలన కొందరికి, మరియొక ఆపరేషను వలన కొందరికి మేలు కలుగును. నీళ్లు త్రాగుట మానవద్దని చెప్పుదము. తక్కువ త్రాగినయెడల మూత్రము చిక్కబడి మంటయు వాసనయు హెచ్చును. స్త్రీల సమాజము వారు శుభ్రమైన గుడ్డలు, సబ్బు మరుగుగా అందించవలెను. ప్రభువు బల్లయొద్ద ఆమె చోటు ఆమెకే యుండవలెను.

అపవిత్రురాలని ఎంచబడిన స్త్రీని ప్రభువు జనులందరి యెదుట కుమార్తెయని పిలిచెను. స్వస్థత ఆలస్యమైనను ఆ పిలుపు ఆలస్యము కానక్కరలేదు. ఈ ఆదివారమే ఆమె యింటికి వెళ్లి పిలుచుకొని వత్తము. ప్రభువు మనకు అట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.