స్టీరింగు నేర్పువాడు గురువగునా?

సత్తెనపల్లినుండి పిడుగురాళ్లకు పోవు రహదారి మా రాజుపాలెము మీదుగా సాగును. పిడుగురాళ్ల సున్నము, మాచర్ల వైపునుండి సిమెంటు, గుంటూరు యార్డుకు చేరవలసిన మిరప బస్తాలు ఈ ప్రాంతపు దారులలో రాత్రింబగళ్లు లారీలపై కదలుచుండును. పొలము చాలని ఇంటి పిల్లవానికి ఆ లారీయే బ్రదుకుతెరువు. మొదట క్లీనరుగా ఎక్కును. టైర్లలో గాలి చూచును, అద్దము తుడుచును, ఎత్తుమీద బండి ఆగినపుడు చక్రము క్రింద రాయి పెట్టును, వెనుకకు తీయునపుడు దిగి నిలిచి దారి చూపును. ఏడాదికో రెండేండ్లకో డ్రైవరు దయ తలచి, రద్దీ లేని వేళ చూచి, స్టీరింగు చేతికిచ్చును. అట్టి డ్రైవరును పిల్లవాడు "గురువుగారూ" అని పిలుచును. ఉత్తరాది దారులలో "ఉస్తాద్" అందురు, భావ మొక్కటే.

ఆ పిలుపే నాచేత ఈ నాలుగు మాటలు వ్రాయించుచున్నది. గురువనునది మనకు తేలికగా వాడుకొను మాట కాదు. అష్టావరణములలో మొదటి స్థానము గురువుది. లింగమును మన కరస్థలమున నుంచువాడు గురువు. గేరు మార్చుట నేర్పినవానికి ఆ పేరు చెల్లునా? చెల్లునేని, ఆతడు కొట్టినను తిట్టినను నోరు మెదపకుండుట శిష్యధర్మమగునా?

ఈ ప్రశ్న నాకు పుస్తకములలో ఎదురు కాలేదు. కొన్నేండ్ల క్రిందట మా వీధిలోని లింగాయతుల పిల్లవాడొకడు సాయంకాలము వచ్చి మా అరుగుమీద కూర్చున్నాడు. ఇరువదిరెండేండ్లవాడు. ఎడమచేయి చాచి చూపినాడు. మణికట్టు వాచి నల్లబడియున్నది. గేరు సరిగా పడక చప్పుడైనపుడెల్ల నేర్పు డ్రైవరు ఇనుప పానాతో ఆ చేతిమీద కొట్టుచున్నాడట. కన్నతల్లిని ఎత్తి తిట్టుట నిత్యకృత్యమట. తాను భోజనము చేసి లేచుదాక పిల్లవాడు హోటలు బయట నిలువవలెనట. అన్నిటికంటె ఘోరము, రెండు రాత్రులు నిద్ర లేనివానిచేత బండి నడిపించి, తాను త్రాగి ప్రక్కసీటులో పడి నిద్రించినాడట.

"పెదనాన్నా, పని మానెయ్యనా?" అని అడిగినాడు.

"నేర్పేవాడు నాలుగు మాటలంటాడురా. ఓర్చుకో. నేర్చుకున్నాక నీ బ్రతుకు నీది" అన్నాను.

అది చెప్పునపుడు గొప్ప ధర్మము చెప్పితినని నాకు తోచినది. వాడు తల వంచుకొని లేచిపోయినాడు. మరునాడు మరల ఆ లారీయే ఎక్కినాడు.

ఆ రాత్రి పూజకు కూర్చున్నపుడు నా ఎడమ అరచేతిలోని లింగమును చూచుచు నేను పూజ సాగింపలేకపోతిని. మన దేశపు బండ్లలో స్టీరింగు కుడిప్రక్కన నుండును, గేరు ఎడమచేతితో వేయవలెను. కనుక దెబ్బ పడినది ఎడమచేతిమీద. వాడును ఆ చేతిలోనే లింగము నుంచుకొని పూజించువాడు. దేహమునే దేవాలయముగ భావింపుమన్న బసవేశ్వరుల మార్గములో పుట్టి, ఆ దేవాలయముపై పడిన పానా దెబ్బను ఓర్చుకొమ్మని పంపితిని!

ఓర్పు మంచిదే. అయితే దేనిని ఓర్చుకొనవలెను? లారీ పనిలో సహజమైన కష్టములు కలవు. ఎండ, ఇంజను వేడి, ఇంటికి దూరమగుట, వాననడుమ టైరు మార్చుట. వీనిని ఓర్వనివాడు ఈ కాయకమునకు తగడు. తీవ్రమైన మాటకూడ కొన్ని వేళల పనిలో భాగమే. శ్రీశైలము ఘాటురోడ్డు ఎరిగినవారికి ఈ సంగతి తెలియును. బరువుతో దిగు బండిని చిన్న గేరులో నుంచి ఇంజనుతోనే పట్టి దింపవలెను; బ్రేకునే నమ్ముకొన్నచో అది కాగి కాగి పట్టు తప్పును. అట్టి పల్లములో క్రొత్తవాడు గేరు తప్పించి న్యూట్రలులోనికి తీయబోయినచో ప్రక్కనున్నవాడు గర్జించి తీరవలెను. మృదువుగ చెప్పుటకు అక్కడ వ్యవధి లేదు. అది కోపమైనను ప్రాణరక్షణమే.

ఆ గర్జన తప్పు దిద్దుకొనగనే ఆగిపోవును. తిట్టు ఆగదు. పల్లము దిగి, టీకొట్టు చేరి, నలుగురి ఎదుట మరల మొదలగును. మొదటిది గేరు కొరకు. రెండవది తిట్టువాని సుఖము కొరకు.

శరణుల చరిత్రలలో ఇందుకు తగిన ఉదాహరణములు కలవు. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించిన బియ్యము తెచ్చినపుడు భార్య లక్కమ్మ సహింపక తిరిగి ఇచ్చి రమ్మన్నది. ఆ మందలింపు అధికముగ వచ్చిన బియ్యమును ఇల్లు దాటించినదే కాని మారయ్యను దాటింపలేదు. మన శరణులలో డ్రైవరుకు మిక్కిలి దగ్గరివాడు పడవ నడిపిన అంబిగర చౌడయ్య. పరుషవాక్కునకు ఆయన ప్రసిద్ధుడు. ఆ పరుషము వేషధారులమీద, తమను తాము పెద్దలనుకొనువారిమీద ప్రయోగింపబడినది. చేతిక్రింద నున్నవానిమీద నోరు చేసికొనుటకు చౌడయ్యను సాక్ష్యము పిలువరాదు. కాయకములో మునిగినవాడు గురుదర్శనమును సైతము మరువవచ్చునని మారయ్య భావము. పనియే గురువుకంటె మిన్న యైనచోట, పని నేర్పువాని అహంకారమునకు చోటెక్కడిది? ఇక అన్నము మాట. కల్యాణమున శరణులు కూడిన 12వ శతాబ్దిలోనే మా పల్నాట బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టినాడని చెప్పుకొని గర్వించుచున్నాము. మాచర్ల దారిలోనే ఒక పిల్లవాడు హోటలు బయట నిలిచి తన వంతుకై ఎదురుచూచుచున్నాడు.

"వాని బాధ వాడు పడుచున్నాడు, తరువాత సుఖపడును" అని కొందరందురు. బాధ వాని ఒక్కనిదే కాదు. భయపడిన చేయి గేరు వెదకుచుండును. భయపడిన కన్ను రోడ్డును విడిచి పానాను చూచుచుండును. ఎదుట మిరపకోత కూలీలతో వచ్చు ఆటో ఉండవచ్చును, సైకిలుమీద బడిపిల్ల ఉండవచ్చును. నిద్ర లేనివానిచేత నడిపించుట వారందరి ప్రాణములతో ఆట. కాబట్టి "ఈ రాత్రి నేను నడుపను" అని తాళములు తిరిగి ఇచ్చుట ధిక్కారము కాదు.

చట్టమును అట్టి గురుత్వము నంగీకరింపదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 20 ఏండ్లు నిండనివానిని రవాణా వాహనము నడుపనీయదు. తేలిక వాహనపు లైసెన్సు కనీసము ఏడాదిగా ఉన్నగాని రవాణా వాహనము నేర్చుకొను లైసెన్సు ఇయ్యదు. 1989 నాటి కేంద్ర నియమముల ప్రకారము నేర్పువాడు తానును లైసెన్సు గలవాడై, బండిని ఆపగల స్థానములో ప్రక్కన కూర్చుండవలెను. త్రాగి పడుకొన్నవాడు ఆ లెక్కకు రాడు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము రోజునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని హద్దు పెట్టినది. కాని అది అయిదుగురు లేక అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించినది. ఒకటి రెండు లారీల యజమాని దగ్గర పనిచేయు క్లీనరుకు అది దూరపు దీపము.

ఆ డ్రైవరును రాక్షసుడని తీసివేయుటకును నాకు మనసొప్పదు. ఆతడును ఒకప్పుడు క్లీనరే. ఆతని చేతిమీదను ఎవడో కొట్టియుండును. వేళకు సరుకు చేర్చుమని యజమాని ఫోను మీద ఫోను చేయుచుండును. ఇవి ఆతని క్రూరత్వము ఎక్కడినుండి వచ్చినదో తెలుపును. ఆతనికి కొట్టు హక్కు నియ్యవు. పైగా నా భయమెల్ల ఇక్కడనే ఉన్నది: నా మాట విని మౌనముగ ఓర్చుకొన్న పిల్లవాడు రేపు స్టీరింగు దక్కగనే ప్రక్కకు తిరిగి ఎవని చేతిని వెదకును?

వారము గడువకముందే వానిని పిలిపించి నా మాట తప్పని చెప్పితిని. పెద్దవాడు చిన్నవానితో ఆ మాట అనుట అంత సులువు కాదు, గొంతు పట్టుకొన్నది. వాని తండ్రిని, నన్ను, మరొకరిని వెంటబెట్టుకొని వాడు యజమాని వద్దకు వెళ్లినాడు. తిరుగబడి కొట్టవద్దని, చూచినది చూచినట్లు చెప్పుమని మాత్రమే వానికి చెప్పియుంటిని. యజమాని అంతయు విని, "డ్రైవర్లు దొరకడమే కష్టంగా ఉందయ్యా, సర్దుకుపొమ్మనండి" అన్నాడు. అంతకుముందే ఆ ఇంటివారు తీసికొన్న అడ్వాన్సు ఆతనికి గుర్తున్నది, మాకును గుర్తున్నది. పిల్లవాడు దిగిపోయినాడు. ఆరు నెలలు మిరపచేలలో కూలికి పోయి అప్పు తీర్చినాడు. ఆ ఆరు నెలలు వాని తల్లి నాతో మాట్లాడలేదు. ఆమెను తప్పుపట్టలేను.

తరువాత ఒక వయసు మళ్లిన డ్రైవరు దగ్గర కుదిరినాడు. ఆయనయు కోపిష్ఠియే, చేయి మాత్రము ఎత్తడు. ఇప్పుడు మావాడు సొంతముగ బండి నడుపుచున్నాడు.

మొన్న కొండమోడు కూడలి దగ్గర టీ త్రాగుచుండగ ఆ మొదటి లారీ వచ్చి ఆగినది. ఒక పిల్లవాడు దిగి, బకెట్టుతో నీళ్లు తెచ్చి అద్దము తుడువసాగినాడు. పదునెనిమిదేండ్లుండవచ్చును. చొక్కా చేతులు మణికట్టు దాక దించుకొని గుండీలు పెట్టుకొన్నాడు, ఆ ఎండలో. నేను గ్లాసు క్రింద పెట్టి, దగ్గరకు పోయి, ఏ ఊరు నాయనా అని అడిగితిని. వాడు మొదట సమాధానము చెప్పలేదు. క్యాబిన్ వైపు చూచినాడు.