పరులబిడ్డ, పరులమాట

చంకలో బిడ్డ నెత్తుకొని వీధిలోనికి వచ్చిన తల్లికి మన దేశమున దొరకని వస్తువు లనేకము లుండవచ్చును గాని, సలహా మాత్రము దొరకకపోదు. టోపీ పెట్టలేదేమని యొకరు, ఇంత యెండలో టోపీ యేల యని మఱియొకరు, బక్కగా నున్నాడని యింకొకరు, దిష్టిచుక్క యేదని వేఱొకరు, బిడ్డపేరైనను అడుగక పలికి పోవుచుందురు. ఇది నవ్వి విడువదగిన స్వల్పవిషయమని కొంద ఱనవచ్చును. మే మట్లు తలంపము. తొలికానుపు తల్లి రాత్రులు నిద్రలేక, తన పాలు చాలుచున్నవో లేవో యని తనలో తానే సందేహపడు దినములలో, మఱల నెన్నడును కనబడని మనుష్యుడు విసరిపోయిన మాట యామె మనస్సున వారములకొలది నిలిచియుండును. పలికినవానికి మాత్రము వీధిమలుపు తిరుగువఱకైనను అది జ్ఞాపకముండదు.

దీనికి చదువుకొన్నవారు చెప్పు సమాధాన మొకటి కలదు: “నా బిడ్డ, నా యిష్టము; మీకేల?” ఈ సమాధానము మాకు రుచింపలేదు. సంఘసంస్కరణమును మెచ్చువారు దీనిని నోట ననరాదని కూడ మా యభిప్రాయము. పరుల బిడ్డలను గూర్చి పిలువకయే పోయి పలుకుట గాక సంస్కరణ మనగా మఱేమి? 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహమును జరిపించిరి. ఆ వధూవరులు వారి బిడ్డలు కారు. బాల్యవివాహములను నిషేధించుచు 1929లో శారదాచట్టము పుట్టినప్పుడు, మా కూతురి పెండ్లి మా యింటిసంగతి యని వాదించినవారు దేశమంతట నుండిరి. స్వాతంత్ర్యమును గూర్చి 1859లో గ్రంథమును ప్రకటించిన జాన్ స్టూవర్టు మిల్లు సైతము, బిడ్డలను తండ్రిలో నొక భాగముగా లోకులు భావించుటను ఆ గ్రంథముననే తప్పుపట్టెను. బిడ్డ యెవరి సొత్తును గాదు. కావున పరులు పలుకనే రాదనుట పొసగదు.

అయినచో, టోపీనిగూర్చి పలికి పోయిన బాటసారికిని పంతులుగారికిని భేదమేమి? మాట కగు వ్యయము నెవరు భరించిరను దానిలో నున్నదని మాకు తోచుచున్నది. పంతులుగారు తమ మాటకు మూల్యమును తామే చెల్లించిరి. ఊరు వారిని వెలివేసినది. పనివారు రాక మానగా రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి నీరు తామే మోసికొనివచ్చిరి. బాటసారి మాటకు మూల్యము చెల్లించునది బాటసారి కాదు, ఆ తల్లి.

మన పల్లెలలో సలహా యిచ్చు ముసలమ్మ వట్టి నోటితో వచ్చెడిది కాదు. పీటపై గూర్చుండి, కాళ్లు చాచి, వానిమీద బిడ్డను పరుండబెట్టుకొని, నూనె రాచి, సున్నిపిండితో నలిచి, వేడినీళ్లు పోసి, సాంబ్రాణిపొగ పట్టి, తల్లికి గడియసేపు కునుకు ప్రసాదించి, ఆ తరువాత తిట్టవలసినది తిట్టెడిది. ఆమె చెప్పినదంతయు సరియని మేమనము. బిడ్డ నాలుకకు తేనె రాయుమనెడిది. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టరాదనియు, అందుండగల సూక్ష్మజీవులచే ప్రాణాపాయకరమైన జబ్బు కలుగవచ్చుననియు నేటి వైద్యము చెప్పుచున్నది. ఐనను ఆమె మాట బెడిసికొట్టినచో ఆ రాత్రి బిడ్డను భుజాన వేసికొని మేలుకొనవలసినది యామెయే. ఇప్పుడు ఊళ్లు విడిచి పట్టణములు చేరితిమి. చేయి పోయినది, నాలుక మిగిలినది.

ఒక వేసవిలో విశాఖపట్టణమునుండి వచ్చు రైలులో మేము చూచిన సంగతి చెప్పెదము. నాలుగు నెలల పసికందుతో నొక దంపతులు మా యెదుట గూర్చుండిరి. బిడ్డ యేడ్చుటయే తడవుగా ప్రక్కనున్న పెద్దామె, “కాసిని నీళ్లు పట్టమ్మా, గొంతెండిపోతోంది” అన్నది. “ఆరు నెలలదాకా పాలే చాలన్నారండీ డాక్టరుగారు” అని తల్లి మెల్లగా బదులు చెప్పినది. “మేం ఐదుగురిని పెంచలేదా? డాక్టర్లు పెంచారా?” తల్లి చెప్పినదే సత్యము. మొదటి యారునెలలు తల్లిపాలు దప్ప నీరు కూడ నవసరము లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఆ పాలలో నధికభాగము నీరే గదా. కాని సత్యము తనవైపున నున్నను ఆ పిల్ల తలవంచుకొన్నది. ఇంతలో మఱియొకామె, “ఆడపిల్లా? పోన్లే, మొదటి కాన్పేగా” అని యోదార్చినది! తండ్రి ప్రక్కనే ఫోనులో మునిగియుండెను. అతని నెవ్వరు నేమియు నడుగలేదు. పెంపకములో లోపమంతయు తల్లిది, బిడ్డ ముద్దుగా నున్నచో పోలిక మాత్రము తండ్రిది.

కిటికీయొద్దనున్న యొక స్త్రీ యంతవఱకు పలుకలేదు. తల్లి టిఫిను గిన్నె తెఱచి, ఒడిలో బిడ్డతో తినలేక అవస్థపడుచుండగా, “ఇటివ్వమ్మా, నువ్వు తిను” అని చేతులు చాచినది. తినుట ముగిసినపిదప బిడ్డ నప్పగించుచు, “మెడకింద చెమటకాయలు పేలాయి, పల్చటి చొక్కా వెయ్యి” అన్నది. తల్లి వెంటనే సంచి తెఱచి చొక్కా మార్చినది. ఆ పెట్టెలో ఆనాడు చెల్లిన సలహా యదొక్కటియే.

పెద్దామెలను నిందించి మన వర్గమువారిని విడిచిపెట్టుట న్యాయము గాదు. డబ్బాపాలు నాగరికమని యొకప్పుడు ఇంటింట చెప్పినవారు చదువురాని ముసలమ్మలు కారు. ఆ డబ్బాల ప్రకటనలను నిషేధించుటకు 1992లో చట్టమే చేయవలసివచ్చినది. కట్టుచున్న మేడయొద్ద ఇటుకలు మోయు స్త్రీని చూచి, కారద్దము దించి, “పిల్లను బడికి పంపవేం? చదువు విలువ తెలీదా?” అని మందలించి పోవువారిని మేమెఱుగుదుము. బడిపంతులము గావున ఇక్కడ నొక సంగతి చెప్పవలసియున్నది. వయస్సునకు ధ్రువపత్రము లేదను కారణమున ఏ బిడ్డకును బడిలో ప్రవేశము నిరాకరింపరాదనియు, సంవత్సరము నడుమ వచ్చినను చేర్చుకొనవలయుననియు 2009 నాటి విద్యాహక్కుచట్టము శాసించుచున్నది. పని వెదకుకొనుచు ఊరూరు తిరుగు ఆమె కీ సంగతి యెవరు చెప్పిరి? ఆమెతో బడిగుమ్మమువఱకు నడిచినచో కారుదొర కొక అరగంట పోవును. మందలింపునకైన వ్యయము మాత్రము శూన్యము.

పలుకక తీఱని సందర్భములును గలవు. బిడ్డను గొడ్డును బాదినట్లు బాదుచుండగా చూచినవాడు మర్యాద పాటించి యూరకుండుట నేరమువంటిది. 1098 అను సంఖ్యకు ఫోను చేయుట కెవ్వరి యనుమతియు నక్కఱలేదు. బిడ్డపై లైంగికదురాగతము జరిగినదని యెఱిగినవారు పోలీసులకు తెలుపవలయునని 2012 నాటి పోక్సోచట్టము ప్రతివ్యక్తికిని విధించినది. తెలుపకుండుట యచ్చట నేరమువంటిది గాదు, నేరమే. విచిత్రమేమన, టోపీ సంగతి పలుకుటకు వెనుదీయనివారే యిట్టిచోట “మనకెందుకు, వాళ్ల ఇంటిగొడవ” అని కిటికీ మూసికొందురు.

ఇక వినవలసివచ్చిన తల్లి యేమి చేయవలయును? దారిన బోవువారికి ఋజువులు చూపుట యామె విధి గాదు. “అలాగేనండీ” యని తన దారిన తాను పోవచ్చును. అది యబద్ధమును గాదు, లొంగుబాటును గాదు. వాక్కునకును తపస్సు గలదనియు, వినువారిని కలతపెట్టకుండుట యందు మొదటి లక్షణమనియు గీత చెప్పుచున్నది. ఆ తపస్సు చెప్పువారు చేయనప్పుడు వినువారైనను చేయుట మేలు. కాని మాట లర్థము చేసికొను బిడ్డ ప్రక్కన నున్నప్పుడు ఈ మౌనము పనికిరాదు. “అన్న తెల్లగా ఉన్నాడు, ఇదేంటి ఇంత నలుపు?” అని యొకరనగా తల్లిదండ్రులు చిఱునవ్వు నవ్వి యూరకున్నచో, ఆ నాలుగేండ్ల పిల్ల దానిని సమ్మతిగానే గ్రహించును. అచ్చట బదులు చెప్పవలసినది ముఖ్యముగా తండ్రి. ఇంతవఱకు అతని నెవ్వరును ప్రశ్నింపలేదు గావున, అతనికి బలము మిగిలియుండవలెను.

అట్లు చెప్పిన తండ్రి నొకని మేము బస్సులో చూచితిమి. పిల్లను ఒడిలోనికి లాగికొని, “మా అమ్మాయి రంగు మాకు నచ్చిందండీ” యని పదిమంది వినునట్లు నవ్వుచు ననెను. అడిగినామె కొంతసేపు కిటికీవంక చూచుచుండి, పిదప సంచిలోనుండి జామకాయ తీసి పిల్ల చేతి కిచ్చినది.