తండ్రి కన్నీరు



మగవా డేడ్వరాదని మన యిండ్లలో నొక శాసనము కలదు. దానిని వ్రాసినవారెవరో తెలియదు. పాలింపనివారు మాత్ర మరుదు. తండ్రి గంభీరుడై యుండవలెననియు, కుమారుడు భయభక్తులతో దూరముగ నిలువవలెననియు నెంచుచున్నాము. తుదకు భయము నిలిచినది, భక్తి జారిపోయినది.

నేను న్యాయవాదిని. భాగపంపకపు దావాలలో తండ్రీకొడుకులు ఒకే గదిలో గూర్చుండి, ఒకరితో నొకరు మా నోటనే మాటలాడుట పలుమారు చూచితిని. వారడుగునది భూమి, వారికి కావలసినది వేరు. దానిని డిక్రీలో వ్రాయ వీలులేదు.

గాంధీ మహాత్ముడు తన యాత్మకథలో జెప్పిన సంగతి నాలకింపుడు. 15 ఏండ్ల ప్రాయమున, అన్నగారి 25 రూపాయల యప్పు తీర్చుటకై, ఆయన కడియమునుండి కొంత బంగారమును దొంగిలించెను. పిదప మనసు నిలువక, తప్పొప్పుకొని, తన్ను దండింపుమని వేడుచు నొక చీటి వ్రాసి తండ్రి చేతికిచ్చెను. కరమచందుగారు రాజకోటలో దివానుగిరి చేసిన దొడ్డవారు. అప్పుడు వ్యాధిపీడితులై బల్లమీద పరుండియుండిరి. లేచి కూర్చుండి చదివిరి. కన్నీరు కాగితమును తడిపెను. క్షణకాలము కన్నులు మూసికొని, చీటిని చించివైచి, మరల పరుండిరి. ఒక్క పరుషవాక్యమైన లేదు. కుమారుడును ఏడ్చెను. ఆ బాష్పములే తన పాపమును కడిగినవని యాయన నమ్మెను.

అయినను, అట్టి తండ్రి చల్లదన మెరిగిన గాంధీగారికే తన పెద్దకుమారుడగు హరిలాలుతో సఖ్యము కుదురలేదు. సీమకేగి చదువగోరిన యా యువకుని కోరిక నెరవేరలేదు. 1911లో అతడు తండ్రిని విడిచిపోయెను. 1915లో నొక దీర్ఘలేఖలో తన వ్యథనెల్ల వెళ్లబోసికొనెను. తండ్రియు దుఃఖింపకపోలేదు, కాని గాయము మానలేదు. 1948లో తండ్రి గతించిన కొలది నెలలకే కుమారుడును గతించెను.

ఇవి యిద్దరు కొడుకులు వ్రాసిన రెండు లేఖలు. మొదటిది తన తప్పు నొప్పుకొనినది. రెండవది తండ్రి తప్పును జూపినది. తప్పొప్పుకొనిన కుమారుని క్షమించుట కష్టమే గాని, తప్పు చూపిన కుమారుని యెదుట తల వంచుట యంతకంటె కష్టము. మహాత్మునికే దుష్కరమైనది మనకు సులభమని యెంచరాదు. కావుననే మనము మరింత త్వరపడవలెను.

తండ్రులారా! "నేను పొరబడితిని" యని కుమారునితో ననుట పౌరుషమునకు లోటు గాదు. కుమారులారా! మాటరాక మౌనముననున్న తండ్రి ప్రేమలేనివాడని తలంపకుడు. ఆయనకును ఎవరును ఏడ్వ నేర్పలేదు.

మనయందరి తప్పుల చీటీలను చదివి చించివైచు పరమపిత మన యిండ్లకును ఆ హృదయమును ప్రసాదించుగాక!